మోకాలి లిగమెంట్ శస్త్రచికిత్స తరువాత మళ్ళీ పరుగు ఎప్పుడు?

"నొప్పి లేదండీ, వాపు కూడా తగ్గింది. ఆపరేషన్ అయి పది వారాలైంది. రేపటి నుంచి పరుగెత్తవచ్చునా?" అని ఇటీవల నా వైద్యశాలకు వచ్చిన ఒక యువకుడు అడిగాడు. హైదరాబాదులో ఏటా ఆగస్టు మాసంలో జరిగే మారథాన్‌లో పాల్గొనాలని అతని సంకల్పం. వెంట వచ్చిన తల్లిగారి ప్రశ్న వేరు. "ఏ తైలం రాస్తే త్వరగా గట్టిపడుతుందండీ?" అన్నారామె.

చాలా ఏళ్ళ క్రితం ఇటువంటి మరొక క్రీడాకారునికి, నొప్పి పోయింది కదా అని నేనే అనుమతి ఇచ్చాను. అప్పటికి అతనికి శస్త్రచికిత్స జరిగి మూడు నెలలు. మైదానంలో దిగిన కొద్ది రోజులకే మోకాలు మెలితిరిగి, రెండవసారి శస్త్రచికిత్స అవసరమైంది. నొప్పిని కొలమానంగా తీసుకోవడమే నేను చేసిన పొరపాటు. పాఠకులు ఆ పొరపాటు చేయకూడదనే ఈ వ్యాసం.

శాస్త్రం చెప్పినది

పడవ పలకలు తాళ్ళతో బిగించి కట్టినప్పుడే బరువు మోయగలిగినట్లు, శరీరం స్నాయువుల బంధం వల్లనే భారం వహిస్తుందని సుశ్రుతాచార్యుడు వివరించాడు. ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు కూడా ఈ బంధాల కోవలోనివే. 107 మర్మస్థానాలలో మోకాలిని ఆయన వైకల్యకర మర్మాలలో చేర్చాడు. దీనికి దెబ్బ తగిలితే ప్రాణాపాయం ఉండకపోవచ్చు. కానీ కుంటితనం మిగలవచ్చునని భావం.

లోపల జరిగేది

క్రీడాకారులకు తరచుగా తెగేది మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్. శస్త్రవైద్యులు సాధారణంగా తొడ వెనుక కండరాల నుండిగానీ, మోకాలి చిప్ప క్రింది నుండిగానీ ఒక పట్టీని తీసి దాని స్థానంలో అమరుస్తారు. ఆ పట్టీకి మొదట సొంత రక్తప్రసారం ఉండదు. కొత్త రక్తనాళాలు అల్లుకొని, అది క్రమంగా లిగమెంట్‌గా రూపాంతరం చెందాలి. ఈ మార్పులో దాని బలం తొలుత తగ్గి, పిమ్మట పెరుగుతుంది. రెండవ, మూడవ నెలల ప్రాంతంలో అది మిక్కిలి బలహీనంగా ఉంటుంది. రోగికి "బాగైపోయింది" అనిపించేది కూడా సరిగ్గా అప్పుడే! పూర్తి పరిపక్వతకు ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది.

పరుగుకు ముందు మెట్లు

మొదటి మెట్టు, మోకాలు రెండవ కాలితో సమానంగా నిటారుగా చాచగలగడం. రెండవది, వాపు లేకుండా, కుంటకుండా నడవడం. మూడవది, తొడ ముందు కండరం బలపడడం. శస్త్రచికిత్స తరువాత ఈ కండరం త్వరగా సన్నబడుతుంది. ఫిజియోథెరపిస్టు సలహాపై కదలని సైకిలు తొక్కడం ముందుగానే ఆరంభించవచ్చు.

ఇవన్నీ కుదిరినవారికి మూడు, నాలుగు నెలల తరువాత, శస్త్రవైద్యుని అనుమతితో, చదునైన నేలపై తిన్నని పరుగు మొదలవుతుంది. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున, దినం విడిచి దినం చేయాలి. దూరాన్నీ వేగాన్నీ ఒకే వారంలో పెంచరాదు. ఫుట్‌బాల్, కబడ్డీ వంటి మెలికలు తిరిగే ఆటలకు కనీసం తొమ్మిది నెలలు ఆగాలి. అప్పటికైనా ఆ కాలి బలం రెండవ కాలి బలంలో 90 శాతానికి తగ్గకూడదు.

వ్యాయామం అర్ధశక్తితో చేయాలని మన ఆచార్యులు విధించారు. ఈ దశలో దానిని నేను ఇలా అన్వయిస్తాను: పరుగెత్తుతూ ప్రక్కవారితో మాట్లాడగలగాలి. మరునాటి ఉదయం మంచం దిగగానే రెండు మోకాళ్ళనూ పోల్చి చూసుకోవాలి. వాపో, బిగువో కనిపిస్తే ముందునాటి శ్రమ ఎక్కువైనట్లే. అది తగ్గేవరకు పరుగు మానాలి.

తైలం, ఆహారం

కుట్లు పూర్తిగా మానకముందు ఏ తైలమూ రాయరాదు. మానిన తరువాత, శస్త్రవైద్యుడు సరేనంటే, గోరువెచ్చని క్షీరబలా తైలంతో తొడ కండరాలను మృదువుగా మర్దించవచ్చు. బిగుసుకున్న కండరాలకు హాయి కలుగుతుంది. అయితే ఏ తైలమూ లోపలి పట్టీని గడువుకు ముందు గట్టిపరచదు. మోకాలిని గట్టిగా లాగించడం, విరిపించడం ఎంతమాత్రం కూడదు.

కండరం పెరగడానికి పప్పు, పెసలు, పాలు, పెరుగు, అలవాటున్నవారికి గుడ్లు చాలినంత ఉండాలి. ఎముక విరిగినవారికి మన పెద్దలు పెట్టే నల్లేరు పచ్చడి తినవచ్చు. దానిని వ్యాయామానికి బదులుగా భావించరాదు. గుగ్గులు మొదలైన ఔషధాలు వాడదలచినవారు, ముఖ్యంగా రక్తం పలుచబడే మందులు తీసుకునేవారు, ముందుగా తమ వైద్యునికి చెప్పాలి.

పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు మర్దన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం, గాయం వద్ద ఎరుపు, మోకాలు అకస్మాత్తుగా జారినట్లనిపించడం కూడా ఉపేక్షింపదగినవి కావు.

ఆ యువకునికి నేను చెప్పినది ఇదే: "నాయనా, ఈ ఆగస్టు కాకపోతే వచ్చే ఆగస్టు ఉంది. ఈ ఏడాది నీ సాధన అంతా తొడ కండరం మీద పెట్టు." అతని ముఖం చిన్నబోయింది. తల్లిగారు మాత్రం తైలం సీసా తీసుకుంటూ, "అయితే ఇది రాస్తూ ఆగమంటారు, అంతేనా?" అన్నారు. అంతేనమ్మా, అన్నాను.