దాచుకోవలసిన పని లేని తోట



ఆ మధ్య మా ఓ.పి.కి కోనసీమ గ్రామం నుండి యాభై దాటిన ఒక తల్లి వచ్చింది. పేరు, ఊరు చెప్పము. కుడి చేతిని పైటచెంగులో చుట్టుకొని బెంచీ చివర కూర్చుంది. పొయ్యి మీది గిన్నె దించేటప్పుడు ఆమె వేళ్ళు కాలాయి. కాలిన సంగతి ఆమెకు తెలియలేదు. బొబ్బలు చూసి కోడలు అడిగితేనే తెలిసింది. పరీక్ష చేస్తే మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ కనిపించింది. దూదితో తాకితే ఆమెకు తెలియడం లేదు. మచ్చ వచ్చి నాలుగేళ్ళయిందట.

"ఇన్నాళ్ళూ ఎందుకు చూపించుకోలేదమ్మా?" అని సిస్టరు అడిగింది.

"ఏ మొహంతో చూపించుకోనండీ సిస్టరుగారూ? ఏం పాపం చేశానో ఏమో, దేవుడు ఇలా బయటపెట్టాడు" అని ఆమె తల వంచుకుంది.

ఆమె జబ్బుకు మందు ఉంది. ఆమె అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి కదా! ఆ జవాబు కోసం పరిశుద్ధ గ్రంథంలో మొదటి పుటలు తెరుద్దాం.

పాపానికి ముందు మనుష్యుడు

ఏదెనులో నుండి ఒక నది బయలుదేరి నాలుగు శాఖలైందని ఆదికాండము 2వ అధ్యాయం చెబుతుంది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలిపోవడం చూసిన మనకు ఆ దృశ్యం సులభంగానే అర్థమవుతుంది. నీళ్ళు, చెట్లు, పండ్లు ఉన్న ఆ తోటలో దేవుడు ఆదామును ఊరికే కూర్చోబెట్టలేదు. సేద్యం చేయమని, కాపాడమని అప్పగించాడు. ఆదాము జంతువులకు పేర్లు పెట్టాడు. హవ్వ అతనికి తోడుగా వచ్చింది. పని, ఆకలి, ఆహారం, భార్యాభర్తల బంధం ఇవన్నీ పాపానికి ముందే ఉన్నాయి. దేవుడు చాలా మంచిదని చూచిన సృష్టిలోనే మన దేహం కూడా ఉంది. అందుచేత దేహాన్ని అసహ్యించుకోవడం క్రైస్తవ విశ్వాసం కాదు.

ఆ అధ్యాయం చివర ఒక చిన్న సంగతి ఉంది. వారిద్దరికీ బట్టలు లేవు, అయినా సిగ్గు లేదు. కాలువ రేవులో స్నానం చేసే రెండేళ్ళ పిల్లవాడికి సిగ్గు తెలియదు. ఆదాము హవ్వలది కూడా అటువంటి తెలియనితనమేనా?

సంఘ పెద్దలు దీనిని గూర్చి ఎంతో ఆలోచించారు. 2వ శతాబ్దంలో లియోన్ సంఘానికి బిషప్పుగా ఉన్న ఇరేనియస్ వారిని ఇంకా ఎదగవలసిన పిల్లలతో పోల్చాడు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను, పాపం చేయకుండా ఉండగల శక్తి వారికి ఉండేదని, దానిని పోగొట్టుకున్నారని బోధించాడు. మార్టిన్ లూథరు 1535లో మొదలుపెట్టి పదేళ్ళ పాటు ఆదికాండము మీద పాఠాలు చెప్పాడు. పాపానికి ముందు ఆదాము చూపు గద్ద చూపును మించినదని కూడా ఆయన తలంచాడు.

వివరణలు వేరైనా వీరు ముగ్గురూ ఒప్పుకునే మాట ఒకటుంది. మనుష్యుడు మొదట దేవునికి దగ్గరగా, చెడుగు అంటకుండా ఉన్నాడు. మాకు అర్థమైనంతలో ఆ నిర్దోషత్వం తెలివితక్కువతనం కాదు. దేవుని దగ్గర, తోడు మనిషి దగ్గర దాచుకోవలసిన పని లేకపోవడమే ఆ నిర్దోషత్వం.

మొదటి లక్షణం

ఏ జబ్బు వచ్చినా మొదటి లక్షణం ఏమిటని డాక్టరు అడుగుతారు. పాపానికి మొదటి లక్షణం దాచుకోవడం. పండు తిన్న వెంటనే వారు అంజూరపు ఆకులు కుట్టుకున్నారు. దేవుడు వచ్చిన అలికిడి విని చెట్ల చాటుకు వెళ్ళారు. ఆపైన ఒకరి మీద ఒకరు నెపం వేసుకున్నారు.

అప్పుడు దేవుడు ఏం చేశాడు? ఎక్కడున్నావని ఆదామును పిలిచాడు. తెలియక పిలవలేదు, చాటు నుండి బయటికి రమ్మని పిలిచాడు. తప్పుకు ఫలితం తప్పలేదు, తోట విడిచి వెళ్ళవలసి వచ్చింది. కాని వెళ్ళకముందే దేవుడే చర్మపు బట్టలు చేయించి వారికి తొడిగించాడు. సిగ్గుపడినవారిని కప్పి పంపినవాడు మన దేవుడు.

జబ్బు తీర్పు కాదు

లోకంలోకి పాపంతో పాటు బాధ, మరణం వచ్చాయని మనం నమ్ముతాం. అయితే ఫలానా మనిషికి ఫలానా జబ్బు అతని పాపం వల్లే వచ్చిందనడానికి మనకు అధికారం లేదు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాని గూర్చి శిష్యులు ఆ ప్రశ్నే అడిగారు. పాపం అతనిదా, తల్లిదండ్రులదా అన్నారు. యేసు ప్రభువు రెండూ కాదన్నాడు. కుష్ఠరోగి ఎదురైతే చెయ్యి చాపి ముట్టాడు.

లేవీయకాండములో చెప్పిన కుష్ఠు బట్టల మీద, ఇంటి గోడల మీద కూడా కనిపించేది. అంటే ఆ పేరు అనేక రకాల మచ్చలకు వాడారు. ఈనాడు మనం కుష్ఠు అనే జబ్బుకు కారణం ఒక సూక్ష్మజీవి. నార్వే డాక్టరు హాన్సెన్ 1873లో దానిని కనుగొన్నాడు. చాలామందిలో దానిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. ఇందులో శాపం ఏమీ లేదు.

మన డెల్టాకు ఈ సంగతి కొత్త కాదు. ఇళ్ళ నుండి వెళ్ళగొట్టబడిన రోగుల కోసం 1900 ప్రాంతంలో కెనడా బాప్టిస్టు మిషనరీ మిస్ ఇసబెల్ హాచ్ రామచంద్రపురంలో పని ప్రారంభించారు. నరసాపురంలో బెతెస్ద ఆసుపత్రి వెలిసింది. ఆ తొలి రోజుల్లో సరైన మందు లేదు, అయినా తలుపు తెరిచారు. వ్రేళ్ళు కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో అనుకునేవారు. స్పర్శ లేక, దెబ్బలూ కాలిన గాయాలూ తెలియక వ్రేళ్ళు పాడవుతున్నాయని వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ చూపించారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఇప్పుడు ఆ మందులు ఉచితం. రోగాన్ని బట్టి 6 నెలలు లేక 12 నెలలు వాడితే నయమవుతుంది. మందు మొదలైన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే ప్రమాదం పోతుంది. చట్టం కూడా మారింది. రోగులను నిర్బంధించడానికి తెచ్చిన 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. కుష్ఠు కారణంగా విడాకులు కోరే వీలును 2019లో తీసివేశారు.

ఆలస్యం చేయకండి

ఈ క్రింది వాటిలో ఏది ఉన్నా డాక్టరుకు చూపించండి:

- పాలిపోయిన లేదా ఎర్రని మచ్చ, దాని మీద స్పర్శ తెలియకపోవడం
- చేతులు, పాదాల్లో తిమ్మిరి, పట్టు తగ్గడం
- రెండు వారాలు దాటిన దగ్గు
- రొమ్ములో గడ్డ
- ముట్లు ఆగిపోయిన తరువాత రక్తస్రావం
- మర్మాంగాల దగ్గర పుండు లేక కురుపు

వీటిలో చాలావాటిని మన కుటుంబాల్లో సిగ్గుతో దాస్తారు. స్త్రీలు తమను పరీక్షించేటప్పుడు నర్సును ప్రక్కన ఉండమని అడగవచ్చు. మీరు చెప్పిన సంగతిని గోప్యంగా ఉంచడం వైద్యుల, నర్సుల బాధ్యత.

మొదట చెప్పిన ఆ తల్లి మందుల కోర్సు పూర్తి చేసింది. జబ్బు నయమైంది. కాని వ్రేళ్ళలో పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. నరం దెబ్బతిన్న ఆరు నెలల లోపు వచ్చి ఉంటే మాకు ఎక్కువ అవకాశం ఉండేది. ఇప్పుడు ఆమె గుడ్డ పట్టుకొని గిన్నె దించుతుంది. ప్రతి రాత్రీ చేతులు చూసుకుంటుంది, చూపు ఆనకపోతే కోడలు చూసి పెడుతుంది. కోడలు ఆ చేతిని తన చేతిలోకి తీసుకొని చూడడం మాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఏదెనుకు మనం తిరిగి వెళ్ళలేము. అయినా మన ఇంట్లో, సంఘంలో, ఆసుపత్రిలో ఒక మనిషి తన మచ్చను భయం లేకుండా చూపగలిగితే, ఆ తోటలోని మేలు కొంతైనా మన మధ్య ఉన్నట్టే. మీ ప్రక్కింట్లో ఎవరైనా చెయ్యి దాచుకుంటున్నారా? ఏం పాపం చేశావని అడగకండి. ఆసుపత్రికి తోడు వస్తానని చెప్పండి.

దేవుడు మిమ్మును దీవించును గాక.