తాళం పట్టినవాడే నాయకుడు

విజయవాడకు ఆ పేరు విజయుడైన అర్జునుడి వల్లనే వచ్చిందని స్థలపురాణం. పాశుపతాస్త్రం కోసం ఆ మహావీరుడు తపస్సు చేసినది ఇంద్రకీలాద్రి మీదనేనని కృష్ణాతీరవాసుల విశ్వాసం. అంతటి అస్త్రసంపద గలవాడు కూడా కురుక్షేత్ర సంగ్రామానికి ముందు ద్వారకకు వెళ్లి కోరుకున్నది ఆయుధం పట్టనని చెప్పిన శ్రీకృష్ణుణ్ణే. సైన్యమంతా దుర్యోధనుడికి దక్కింది. పార్థుడికి మిగిలినది పగ్గాలు పట్టిన సారథి ఒక్కడే. బాణం వేసినవాడు అర్జునుడు, కీర్తి పొందినవాడూ అర్జునుడే. ఆ రథాన్ని నడిపినవాడు మాత్రం వేరు.

పదిమందిని ఒక కార్యంలో నడిపించేవాడికి ఏ గుణాలు ఉండాలన్న ప్రశ్నకు నేడు కార్యాలయాలలో ప్రత్యేక తరగతులే నడుస్తున్నాయి. ఆ ప్రశ్నకు ఒక చక్కని సమాధానం మన కృష్ణా డెల్టాలోనే శతాబ్దాలుగా కాలికి గజ్జె కట్టి ఆడుతూ ఉంది. అదే కూచిపూడి భాగవత మేళం. ఆ మేళానికి నాయకుడు సూత్రధారుడు.

అందరి పాత్రలూ తెలిసినవాడు

విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే దారిలో పామర్రు వద్ద చల్లపల్లి వైపు మళ్లితే కూచిపూడి వస్తుంది. బాలాత్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరస్వామి కొలువైన గ్రామమది. అక్కడి నుంచి బయలుదేరే మేళంలో వేషధారులు, మార్దంగికుడు, వంతపాట పాడేవారు, హాస్యగాడు, తెర పట్టేవారు ఇలా ఎందరో ఉంటారు. ఒక్కొక్కరిది ఒక్కొక్క విద్య, ఒక్కొక్క స్వభావం. వీరందరినీ ఒక్క లయలో నిలిపేది సూత్రధారుడి చేతిలోని తాళాలు.

దేవతాప్రార్థనతో రంగాన్ని ఆరంభించేది ఆయనే. పాత్రలను సభకు పరిచయం చేసేదీ, పాట అందించేదీ, జతులు పలికేదీ ఆయనే. భామాకలాపంలో సత్యభామకు చెలికత్తె అయిన మాధవి ఆయనే, శ్రీకృష్ణుడికి చెలికాడైన మాధవుడూ ఆయనే. పూర్వం తెల్లవార్లూ సాగిన ప్రదర్శనలలో వేషాలు వచ్చిపోతుండేవి కానీ, సూత్రధారుడు మాత్రం రంగాన్ని విడిచేవాడు కాదు.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. మాధవి పాత్ర చేసే పని ప్రధానంగా ప్రశ్నించడం. నీ భర్త పేరేమిటని సత్యను అడుగుతుంది. పేరు చెప్పడానికి ఆమె సిగ్గుపడుతుంది. మాధవి వదలదు. ఆ పట్టుదల వల్లనే సత్యభామ అభినయం వికసిస్తుంది. సమాధానం సూత్రధారుడికి తెలియనిది కాదు. తాను చెప్పేస్తే ఎదుటివారి విద్య వెలుగు చూడదు. తనవారిలోని శక్తిని ప్రశ్నతో వెలికితీసేవాడు నాయకుడు. అన్నీ తానే చెప్పి, తానే చేసి, చివరికి ఎవరికీ ఏమీ చేతకాదని విసుక్కునేవాడు ఆ పదానికి తగడు.

సిద్ధేంద్రయోగి పెట్టిన నియమం

భామాకలాప కర్త సిద్ధేంద్రయోగి జీవితం గురించి ఒక గాథ ప్రచారంలో ఉంది. ఏరు దాటుతుండగా వరద ముంచెత్తిందట. ప్రాణాపాయ సమయంలో ఆయన ఆపత్సన్న్యాసం స్వీకరించి ఒడ్డు చేరాడట. ఆపై జీవితాన్ని శ్రీకృష్ణుడికే అర్పించి, కూచిపూడి కుటుంబాలలో పుట్టిన ప్రతి మగబిడ్డా జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని సంప్రదాయం చెబుతోంది.

ఆ నియమంలో నాయకత్వ రహస్యం దాగి ఉంది. రేపు తాళం పట్టబోయేవాడు ముందు మరొకరి తాళానికి ఆడి ఉండాలి. గజ్జెల బరువు, రంగస్థలం మీద కలిగే బెదురు, మాట మరచిన క్షణపు వేదన అతడికి స్వానుభవంలోకి రావాలి. అప్పుడే తన ఎదుట ఒక కుర్రవాడు తడబడితే కసురుకోకుండా, లయను సర్ది, వాడిని దరి చేర్చగలుగుతాడు.

పైగా సత్యభామ అంటే స్వాధీనపతికనన్న అతిశయానికి మారుపేరు. తెర మీదుగా జడ వేసి, తనను ఓడించగలవారెవరని సభను సవాలు చేసే పాత్ర అది. ఆ అతిశయం విరహంలో కరిగి, స్వామి పాదాల చెంత శరణాగతిగా మారడమే కలాపంలోని పరమార్థం. ఆ వేషం కట్టినవాడు తనలోని అహంకారాన్ని కూడా ఒకసారి ఎదురుగా చూసుకుంటాడు. పదిమందిపై పెత్తనం చేతికి రాకముందే కావలసిన దర్శనమది.

ముందు నిలిచే ధైర్యం

మాచుపల్లి కైఫీయత్తులో ఒక ఉదంతం ఉంది. సిద్ధవటం సీమలో సంమెట గురవరాజు ధనం కోసం ప్రజలను, స్త్రీలను సైతం క్రూరంగా హింసించేవాడు. ఆ సీమ మీదుగా వెళ్లిన కూచిపూడి భాగవతులు ఆ దారుణాన్ని చూశారు. విజయనగరంలో వీరనరసింహరాయల కొలువులో ప్రదర్శనకు అవకాశం రాగానే, ఆ దృశ్యాలనే వేషాలు కట్టి ఆడి చూపారు. విషయం గ్రహించిన రాయలు సేనను పంపి గురవరాజును శిక్షించాడు.

రాజు సంతోషించే కథ ఆడి సన్మానం పొందడం ఆ మేళానికి సులభమే. కానీ వారు నోరులేనివారి బాధను నిండుసభలో వినిపించారు. రాజు ఆగ్రహిస్తే మేళమంతటికీ ముప్పే. అటువంటి సమయంలో అందరి పాదాలూ ఒకే లయలో పడ్డాయంటే వారి మధ్య ఎంతటి నమ్మకం ఉండాలి! ఆ నమ్మకాన్ని ఆజ్ఞతో సంపాదించలేము. ఏళ్ల తరబడి కలిసి నడిచి కూడబెట్టుకోవాలి.

వెనుక నిలిచే ఔదార్యం

ఇరవయ్యవ శతాబ్దానికి వద్దాం. చింతా వెంకటరామయ్య గారు నెలకొల్పిన వెంకటరామ నాట్యమండలిని ఆయన కుమారుడు చింతా కృష్ణమూర్తి గారు నడిపించారు. సూత్రధారుడిగా ఆయన పేరు పొందారు. ఆ మేళంలో ఉషగా, సత్యభామగా ప్రేక్షకులను సమ్మోహితులను చేసినవారు వేదాంతం సత్యనారాయణశర్మ గారు. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం శర్మ గారికి 1961లో లభించింది. నాయకుడైన కృష్ణమూర్తి గారికి అదే పురస్కారం 1968లో వచ్చింది. తాళం కంటే ముందు గజ్జె గుర్తింపు పొందింది. లోకం తీరు అదే. తనవారికి ముందుగా దక్కిన గౌరవాన్ని తన పనికి దక్కిన ఫలంగా భావించగలవాడికే సూత్రధారిత్వం శోభిస్తుంది.

సంప్రదాయాన్ని నిలపాలంటే కొన్నిసార్లు నియమాన్ని విప్పి చూడాలి. సిద్ధేంద్రుడి నియమంలో ఆడపిల్లలకు చోటు లేదు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారు స్త్రీలకు ఈ విద్య నేర్పారు. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి ఎందరో యువతులను తీర్చిదిద్దారు. నేడు సత్యభామగా ఆడపిల్లలే విరివిగా కనిపిస్తున్నారు. మేళంలో కొత్తవారికి చోటు కల్పించడమూ నాయకుడి ధర్మమేనని ఆ గురువులు చేసి చూపారు.

ఇల్లు నడిపే గృహిణి, పొలంలో కూలీలతో కలిసి నాట్లు వేయించే రైతు, కార్యాలయంలో పదిమందికి పని చెప్పే అధికారి అందరూ తమ తమ రంగస్థలాలకు సూత్రధారులే. వారు తమను తాము వేసుకోవలసిన ప్రశ్నలు మూడు. నావారి పని కష్టం నాకు తెలుసా? వారికి ఆపద వస్తే ముందు నిలుస్తున్నానా? వారికి మెప్పు వచ్చినప్పుడు వెనుకకు తప్పుకుంటున్నానా?

పరమాత్మను మన పెద్దలు జగన్నాటక సూత్రధారి అన్నారు. ఆయన కనబడడు, కానీ లయ తప్పనివ్వడు. మన చేతికి వచ్చిన చిన్న తాళాన్ని ఆయన ఇచ్చిన బాధ్యతగా భావించి పట్టుకుంటే, మనతో అడుగు కలిపినవారందరి నడకా చక్కబడుతుంది.