అచ్చుకు వరుసలో ఎవరు ముందు?

పరీక్షల ముందురోజు కరీంనగర్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఒక నెట్ సెంటరుకు వెళ్లారనుకోండి. గది నిండా హాల్ టికెట్ల కోసం వచ్చిన పిల్లలే. మీరు ‘ప్రింట్’ నొక్కారు. యంత్రం ఉలకలేదు, పలకలేదు. మళ్లీ నొక్కారు. ఇంకోసారి నొక్కారు. కాసేపటికి అది ఉన్నట్టుండి మేల్కొని మీ హాల్ టికెట్టునే మూడుసార్లు అచ్చు వేసింది! మూడింటికీ డబ్బులివ్వాలి. ఎందుకిలా జరిగింది?

కంప్యూటరు పని క్షణాల్లో ముగుస్తుంది. ప్రింటరు అలా కాదు. కాగితాన్ని లాగాలి, అచ్చు వేయాలి, బయటికి నెట్టాలి. 1959లో వచ్చిన ఐబీఎం 1403 ప్రింటరు నిమిషానికి 600 పంక్తులు అచ్చు వేసేది. ఆ రోజుల్లో అది గొప్ప వేగమే. అయినా దాని కోసం ఖరీదైన కంప్యూటరును కాపలా కూర్చోబెట్టడం దండగ కదా! అందుకే పనిని ముందు ఒకచోట దాచి, ప్రింటరుకు వీలైనప్పుడు అందించే పద్ధతి వచ్చింది. దాని పేరు స్పూలింగ్. స్పూల్ అంటే దారపు కండె. సిరిసిల్ల మగ్గాల దగ్గర మీరు చూసే ఉంటారు: నూలును ముందే కండెలకు చుట్టి పెడతారు. నాడెలోని కండె నుంచి మగ్గం తనకు కావలసినంత దారం లాక్కుంటుంది. ఇదీ అంతే.

కాబట్టి మీరు నొక్కిన ప్రతిసారీ వరుసలో ఒక కొత్త పని చేరింది. ఆ వరుసను మీరే చూడవచ్చు. లినక్స్ ఉన్న కంప్యూటరులో టెర్మినల్ తెరిచి ఎల్, పి, క్యూ అనే మూడు చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. ఎల్‌పీ అంటే లైన్ ప్రింటర్. లేజరు ప్రింటర్లు వచ్చినా పాత పేరు పోలేదు!

మొదటి పంక్తిలో ప్రింటరు సిద్ధంగా ఉందో లేదో తెలుస్తుంది. లేదంటే కాగితం, తీగ చూసుకోవాలి గాని మళ్లీ నొక్కితే లాభం లేదు. దాని కింద ఎవరి వంతు ఎన్నోది, పని సంఖ్య, ఫైలు పేరు, పరిమాణం ఉంటాయి. పరిమాణం పేజీల్లో కాదు, బైట్లలో. ఫోటో ఉన్న ఒక్క పేజీ, అక్షరాలున్న అనేక పేజీల కంటే పెద్దది కావచ్చు. కనుక సంఖ్య చూసి బెదరకండి.

అనవసరమైన పనిని తీసేయాలంటే ఎల్, పి, ఆర్, ఎం అని కొట్టి, కాస్త ఖాళీ విడిచి, పని సంఖ్య వేయండి. సంఖ్య మరచిపోతే అప్పుడు జరుగుతున్న పనే రద్దవుతుంది, జాగ్రత్త! ఇతరుల పనిని తీసేయబోతే మామూలుగా కంప్యూటరు ఒప్పుకోదు. అదీ న్యాయమే.

విండోస్‌లో ఈ ఆజ్ఞలు మామూలుగా పనిచేయవు. అక్కడ గడియారం పక్కన కనిపించే చిన్న ప్రింటరు బొమ్మను రెండుసార్లు నొక్కితే వరుస తెరుచుకుంటుంది.

మీ బడిలో లినక్స్ కంప్యూటరు ఉంటే ఉపాధ్యాయుని అనుమతితో ఈ ప్రయోగం చేయండి. ప్రింటరు నుంచి కాగితాలు తీసేసి, మూడు ఒంటి పేజీ ఫైళ్లు పంపండి. వరుస చూడండి. మూడో దాన్ని రద్దు చేసి, కాగితాలు తిరిగి పెట్టండి. ఒకవేళ మొదట్లోనే వరుసలో రెండు పనులే కనిపిస్తే, మూడోది ఎక్కడికి పోయిందో చెప్పగలరా? ప్రింటరుకు కూడా కొంత జ్ఞాపకశక్తి ఉంటుందని గుర్తుంచుకుని ఆలోచించండి.