జీపును ఎత్తు చేస్తే...

కొండదారుల్లోనూ, అడవి బాటల్లోనూ తిరిగే కొన్ని జీపులను మీరు చూసే ఉంటారు. మామూలు జీపుకంటే అవి జానెడు ఎత్తుగా, కాళ్లు సాగదీసుకుని నిలబడినట్లు కనిపిస్తాయి. ఎందుకిలా అని అడిగితే, "దారిలో రాళ్లు అడుగున తగలకుండా ఎత్తు చేయించాం" అంటారు. ఇందుకోసం కొత్త స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు అన్నీ కలిపి ఒక సెట్టుగా బజారులో దొరుకుతాయి. కాని ఖరీదెక్కువ. అందుచేత చాలామంది కొలిమి దగ్గరో, వెల్డింగు షాపులోనో తక్కువ డబ్బుతో పని కానిచ్చేస్తారు.

ఆ చవక పద్ధతులు ఏమిటి? వాటివల్ల జీపులో నిజంగా ఏ భాగం ఎత్తవుతుంది? దానికి బదులుగా మనం ఏమి పోగొట్టుకుంటాం? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఇంజనీరింగు చదవనక్కర లేదు. తులాదండం, స్థితిస్థాపకత, ఘర్షణ, గరిమనాభి - మీ పాఠ్యపుస్తకంలోని ఈ నాలుగు మాటలు చాలు.

కమాను కట్ట

ఎద్దుబండిలో ఇరుసు మీద నేరుగా బండి కూర్చుంటుంది. అందుకే చక్రం రాయెక్కితే మన నడుము కదిలిపోతుంది. పూర్వం మన ఊళ్లలో తిరిగిన జట్కా బండికి మాత్రం ఇరుసుకూ బండికీ మధ్య వంపు తిరిగిన ఉక్కు పట్టీలు ఉండేవి. గుర్రపు బండ్లకు ఇలాంటి స్ప్రింగుల అమరికపై లండన్‌లో ఒబడయా ఇలియట్ అనే బండ్ల తయారీదారు 1804లో పేటెంటు పొందాడు. ఈనాటి లారీలో కనిపించే కమాను కట్ట దానికి దగ్గరి చుట్టమే.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం 1941 నుంచి పెద్ద ఎత్తున తయారైన విల్లీస్ జీపుకు కూడా నాలుగు చక్రాల దగ్గరా కమాను కట్టలే ఉన్నాయి. ఆ జీపుల భాగాలను తెప్పించి, మన దేశంలో మహీంద్రా సంస్థ 1947లో బిగించడం మొదలుపెట్టింది. 1985లో వచ్చిన మారుతి జిప్సీకి కూడా కమాను కట్టలే.

ఒక కట్టలో అన్నిటికంటే పొడవైన పట్టీ పైన ఉంటుంది. దాని రెండు కొసలూ చుట్టలుగా తిరిగి ఉంటాయి. దాని కింద ఒకదానికంటే ఒకటి పొట్టిగా మిగిలిన పట్టీలు ఉంటాయి. కట్ట నడుమను ఇరుసుకు యూ ఆకారపు బోల్టులతో బిగిస్తారు. ఒక కొస చాసిస్‌కు నేరుగా తగిలించి ఉంటుంది. రెండో కొస మాత్రం ఉయ్యాలలా ఊగే రెండు ఇనుప బద్దీలకు వేలాడుతుంది. వీటిని షాకిళ్లు అంటారు. ఇవి ఎందుకు? బరువు పడి పట్టీ చదునైనప్పుడు దాని కొసల మధ్య దూరం పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటివ్వడానికే ఈ ఉయ్యాల.

మొదటి ఉపాయం: మరో పట్టీ

స్ప్రింగు ఎంత సాగితే అంత బలంతో ఎదురు తిరుగుతుందని రాబర్ట్ హుక్ కనిపెట్టాడు. మరొకరు తనకంటే ముందు ప్రకటించుకుంటారేమోనని 1676లో ఆ నియమాన్ని అక్షరాలు తారుమారు చేసి అచ్చు వేయించాడు. 1678లో గాని దాని అర్థం విప్పి చెప్పలేదు!

ఆ నియమాన్ని జీపుకు వర్తింపజేద్దాం. ఒక కట్ట మీద 250 కిలోల బరువు ఉందనుకుందాం. సెంటీమీటరు కుంగడానికి 25 కిలోలు కావాలనుకుంటే, కట్ట 10 సెంటీమీటర్లు కుంగుతుంది. ఇప్పుడు అందులో మరో పట్టీ చేర్చారు. సెంటీమీటరుకు 31 కిలోలు కావలసి వచ్చింది. అదే బరువుకు కట్ట సుమారు 8 సెంటీమీటర్లే కుంగుతుంది. అంటే జీపు 2 సెంటీమీటర్లు లేచినట్లే. ఒక్క పట్టీ ఖరీదుతో పని అయిపోయింది!

కాని కట్ట గట్టిపడింది. ఇదివరకు చక్రం 4 సెంటీమీటర్ల రాయి ఎక్కితే అదనంగా 100 కిలోల తాకిడి వచ్చేది. ఇప్పుడు 124 కిలోలు వస్తుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. గుంతలోకి దిగవలసిన చక్రాన్ని మెత్తని కట్ట కిందికి చాచి నేలను అందుకోనిస్తుంది. గట్టి కట్ట అంతగా చాచదు. అప్పుడు చక్రం గాలిలో తిరుగుతుంది. గాలిలో తిరిగే చక్రానికి పట్టు ఎక్కడిది? గతుకుల దారి కోసం చేసిన మార్పు గతుకుల దారిలోనే అడ్డం తిరుగుతుంది.

రెండో ఉపాయం: పొడుగు షాకిళ్లు

అడుగు స్కేలును బల్ల మీద పెట్టి, ఒక కొసను 4 సెంటీమీటర్లు ఎత్తండి. నడుమ భాగం ఎంత లేచింది? 2 సెంటీమీటర్లే. షాకిలు సంగతీ అంతే. ఇరుసు కట్ట నడుమ ఉంది గనుక, షాకిలును 5 సెంటీమీటర్లు పొడిగిస్తే జీపు రెండున్నర సెంటీమీటర్లే లేస్తుంది.

అయితే స్కేలు లేవడమే కాదు, వాలింది కూడా. దానితోపాటు ఇరుసు కూడా కాస్త తిరుగుతుంది. ఇందులో ప్రమాదం ఏమిటో మీ సైకిలు చెబుతుంది. సైకిలు ముందు ఫోర్కు నిట్టనిలువుగా ఉండదు. దాని పైభాగం వెనక్కి వాలి ఉంటుంది. హ్యాండిల్ తనంతట తాను తిన్నగా వచ్చే గుణానికి ఆ వాలు ఎంతో తోడ్పడుతుంది. జీపు ముందు చక్రాలకూ అలాంటి వాలు ఉంది. షాకిలు కట్టకు ముందు కొసన ఉండే జీపులో, దాన్ని పొడిగించినకొద్దీ ఈ వాలు తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తిన్నగా రావడం మానేస్తుంది. వేగంలో జీపు అటూ ఇటూ పోబోతుంది.

మూడో ఉపాయం: ఇరుసు మీదికి కట్ట

విల్లీస్ జీపులోనూ, జిప్సీలోనూ కట్ట ఇరుసు కింద వేలాడుతుంది. దాన్ని ఊడదీసి ఇరుసు మీద కూర్చోబెడితే? ఇరుసు గొట్టం మందం, కట్ట మందం కలిపినంత ఎత్తు ఒక్కసారిగా వస్తుంది. ఇది 10 సెంటీమీటర్లు దాటుతుంది. కొత్త పట్టీలు కూడా అక్కరలేదు. కట్ట కూర్చునే చిన్న పీటలను ఇరుసుకు వెల్డు చేస్తే సరి. అందుకే ఇది చవక పద్ధతుల్లో పేరు పొందింది.

కాని ఇంజను శక్తిని ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఇప్పుడు ఎక్కువ వాలుగా పనిచేయాలి. దాని జాయింట్లు త్వరగా అరుగుతాయి. బ్రేకు గొట్టాలు పొట్టివై, చక్రం కిందికి చాచినప్పుడు తెగే ప్రమాదం ఉంది. స్టీరింగు కడ్డీల కోణం మారుతుంది. వీటన్నిటినీ సరిచేసే ఖర్చు లెక్కవేస్తే చవక కాస్తా చవక కాకుండా పోతుంది. సరిచేయకుండా వదిలేస్తే? బ్రేకులూ, స్టీరింగూ లేని ఎత్తు ఎవరికి కావాలి!

ఏది ఎత్తయింది?

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. జీపును 10 సెంటీమీటర్లు ఎత్తు చేశాం. నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న భాగం ఎంత ఎత్తు పెరిగింది?

జవాబు: ఏమీ పెరగలేదు!

జీపు ముందు వంగి అడుగు భాగం చూడండి. అన్నిటికంటే కిందికి ఉండేది ఇరుసు నడుమ ఉన్న గుండ్రని ఉక్కు పెట్టె. అదే డిఫరెన్షియల్. ఇరుసు చక్రాల మధ్య ఉంది. దాని ఎత్తును నిర్ణయించేది టైరు. కట్టను ఎంత మార్చినా ఇరుసుకు పైనున్న చాసిస్, బాడీ లేస్తాయి గాని ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. విల్లీస్ జీపు అడుగున ఖాళీ సుమారు 22 సెంటీమీటర్లు. దారి మధ్యలో 23 సెంటీమీటర్ల రాయి ఉండి, అది ఈ పెట్టెకు ఎదురైతే, ఎత్తు చేసిన జీపైనా కొట్టుకోవలసిందే.

ఎత్తు చేయడం వల్ల అసలు లాభం లేదని కాదు. గట్టు ఎక్కేటప్పుడు ముందుభాగం నేలకు తగలదు. దిబ్బ దాటేటప్పుడు నడుమ ఆనదు. పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది. ఇరుసును లేపేది ఆ పెద్ద టైరే. అదీ సగమే: టైరు వ్యాసం 6 సెంటీమీటర్లు పెరిగితే ఇరుసు 3 సెంటీమీటర్లు లేస్తుంది. టైరు నూటికి పది వంతులు పెద్దదైతే నేలను వెనక్కి తోసే బలం దాదాపు అంత మేరకు తగ్గుతుంది. స్పీడోమీటరు 50 చూపుతున్నప్పుడు జీపు నిజానికి 55 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది.

జారడమా, బోల్తాయా?

ఇక అసలు సంగతికి వద్దాం. ఇందుకొక ప్రయోగం చేయండి. 9 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న ఇటుకను గరుకు పలక మీద పడుకోబెట్టి, పలకను ఒకవైపు మెల్లగా ఎత్తండి. కొంత వాలుకు ఇటుక జారుతుంది. ఇప్పుడు అదే ఇటుకను నిలువుగా, 3 అంగుళాల అంచు వాలు వైపు ఉండేలా నిలబెట్టి మళ్లీ ఎత్తండి. ఈసారి జారదు. 18 డిగ్రీలు దాటేసరికి బోర్లా పడుతుంది. ఇటుక అదే, బరువు అదే, పలక అదే. మారింది గరిమనాభి ఎత్తూ, కింద ఆనే ఆధారం వెడల్పూ.

మలుపులో జీపుకు జరిగేదీ ఇదే. మలుపు తిప్పే ఘర్షణ బలం నేల దగ్గర పనిచేస్తుంది. జీపు బరువు గరిమనాభి దగ్గర పనిచేస్తుంది. ఘర్షణ బలం జీపును బయటి చక్రాల మీదుగా పడదోయజూస్తుంది. బరువు దాన్ని నిలబెట్టజూస్తుంది. విల్లీస్ జీపు చక్రాల మధ్య దూరం సుమారు 124 సెంటీమీటర్లు. అందులో సగం 62. పొడి తారురోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుందాం. గరిమనాభి ఎత్తును 0.8తో గుణించండి. వచ్చిన సంఖ్య 62 కంటే తక్కువైతే జీపు పడే ముందు జారుతుంది. ఎక్కువైతే జారే ముందు పడుతుంది.

మామూలు జీపుకు గరిమనాభి ఎత్తు, లెక్క కోసం, 62 సెంటీమీటర్లు అనుకుందాం. 62 × 0.8 = 49.6. భయం లేదు.

పది సెంటీమీటర్లు ఎత్తు చేశాక, లెక్క కోసం గరిమనాభి కూడా అంతే లేచిందనుకుంటే: 72 × 0.8 = 57.6. గండం అంచుదాకా వచ్చాం.

ఇప్పుడు ఆ 1,000 కిలోల జీపులోకి పదిమంది ఎక్కారు. కొందరు వెనక నిలబడి వేలాడుతున్నారు. వారి మొత్తం బరువు 500 కిలోలు, వారి గరిమనాభి నేలకు 126 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. అందరినీ కలిపితే ఎత్తు 90 సెంటీమీటర్లు అవుతుంది. 90 × 0.8 = 72. ఇది 62 కంటే ఎక్కువ!

ఈ తేడా చిన్నది కాదు. జారే జీపు డ్రైవరుకు హెచ్చరిక ఇస్తుంది. టైర్లు కీచుమంటాయి, అతను వేగం తగ్గిస్తాడు. బోల్తా పడే జీపు చెప్పి పడదు. 20 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో ఈ నిండు జీపు దాదాపు 42 కిలోమీటర్ల వేగానికే పడిపోతుంది. నిజానికి స్ప్రింగులు ఒక పక్కకు ఒరుగుతాయి గనుక ఇంకా ముందే పడవచ్చు. చక్రం రాయికో, గట్టుకో తట్టుకుంటే మరీ ముందే.

తక్కువ ఖర్చుతో చేయదగినది

మన దేశంలో చట్టం కూడా ఇక్కడ అడ్డుపడుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్ణయించి రిజిస్ట్రేషన్ పత్రంలో ఎక్కిన వివరాలకు భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్లు మార్చరాదు. ఈ నిబంధన వెనక ఉన్న లెక్క ఎలాంటిదో ఇప్పుడు మీకు తెలుసు.

మరి డబ్బు తక్కువ ఉన్నవారు ఏమి చేయాలి? పాత జీపు కట్టలు ఏళ్ల తరబడి బరువు మోసి వంపు కోల్పోతాయి. ముందు దాని సొంత ఎత్తు దానికి తిరిగి ఇప్పించాలి. కట్ట గట్టిదనం పట్టీల పొడవు, వెడల్పు, మందాలనుబట్టి ఉంటుంది. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు! వంపును సరిచేస్తే ఎత్తు వస్తుంది గాని గట్టిదనం పెద్దగా మారదు. కాని ఈ పని తెలిసినవారే చేయాలి. పట్టీని ఎర్రగా కాల్చి వంచి ఊరుకుంటే దాని పదును పోతుంది. కొద్ది రోజులకే మళ్లీ కుంగుతుంది.

పైకప్పు మీది సామాను దించడానికి పైసా ఖర్చు లేదు. గరిమనాభి కిందికి వస్తుంది. రాళ్లదారి వచ్చినప్పుడు దిగి, ముందుగా నడిచి చూసి, పెద్ద రాయి మీదుగా డిఫరెన్షియల్‌ను కాక టైరును పోనిచ్చే డ్రైవరు, టైరు చేసే పనిని టైరు చేతే చేయిస్తున్నాడు.

ఈసారి ఎత్తు చేసిన జీపు కనిపిస్తే దాని ఎత్తు చూసి ఊరుకోకండి. వంగి ఇరుసు చూడండి. చక్రాల మధ్య దూరం అంచనా వేయండి. లోపల ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టండి. ఆ తర్వాత అందులో ఎక్కాలో వద్దో మీ లెక్కే చెబుతుంది.