ఉదరకుడ్య ధమని – శస్త్రవైద్యునికి సరిహద్దు రేఖ

ధమనులు అనగానే గుండెను, మెదడును పోషించేవే సాధారణంగా స్ఫురిస్తాయి. పొట్ట ముందు గోడకు రక్తాన్ని అందించే ఒక సన్నని ధమనిని గురించి వైద్యేతరులు వినడం అరుదు. అయితే గజ్జలలో ఉబ్బుతో వచ్చిన రోగికి శస్త్రచికిత్స చేసే వైద్యుడు దీని ఉనికిని క్షణమైనా మరువరాదు. దీని పేరు ఇన్‌ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ ధమని. తెలుగులో దిగువ ఉదరకుడ్య ధమని అనవచ్చును.

కాలికి రక్తాన్ని తీసుకుపోయే బాహ్య ఇలియాక్ ధమని, గజ్జలోని ఇంగ్వైనల్ లిగమెంట్ అనే గట్టి పట్టీ క్రిందుగా తొడలో ప్రవేశించే ముందు ఈ శాఖను పైకి పంపుతుంది. మొదట్లో దీని వ్యాసం ఇంచుమించు 2 నుండి 3 మిల్లీమీటర్లు మాత్రమే. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటిగా ఉండే ఈ ధమనులు బొడ్డు దిశగా ఏటవాలుగా సాగి, పొట్ట మధ్య నిలువుగా ఉండే రెక్టస్ కండరాల వెనుకకు చేరుతాయి. ఛాతీ నుండి దిగివచ్చే ఎగువ ఉదరకుడ్య ధమని శాఖలతో అక్కడ కలుస్తాయి.

బహ్రెయిన్ దీవిని అరేబియా ప్రధాన భూభాగంతో కలిపే రోడ్డు మార్గం 1986లో ప్రారంభమైన కింగ్ ఫహద్ వంతెన ఒక్కటే. ఉదరకుడ్యానికి మాత్రం ప్రకృతి ఎగువ నుండి ఒకటి, దిగువ నుండి ఒకటి, రెండు దారులు కల్పించింది. కడుపులో బృహద్ధమని క్రమంగా పూడుకుపోతే, ఛాతీ నుండి దిగివచ్చిన రక్తం దిగువ ధమనిలో ఎదురు దిశలో ప్రవహించి కాలికి చేరగలదు. అటువంటి రోగికి గుండె బైపాస్ కోసం ఛాతీ లోపలి ధమనిని వాడితే కాలికి రక్తం అందక ముప్పు కలుగవచ్చును. గుండెకు మేలుచేసే చికిత్స కాలికి కీడు కాకుండా ముందుగానే చూసుకోవలసి ఉంటుంది.

ఇక హెర్నియా విషయం. జర్మన్ శరీరశాస్త్రవేత్త ఫ్రాంజ్ కాస్పర్ హెస్సెల్‌బాక్ (1759–1816) పేరిట గజ్జలో ఒక త్రిభుజం ప్రసిద్ధమైంది. రెక్టస్ కండరం అంచు, ఇంగ్వైనల్ లిగమెంట్, ఈ ధమని దాని మూడు భుజాలు. ప్రేగు ధమనికి లోపలివైపున, అనగా శరీర మధ్యరేఖ వైపున, బలహీనపడిన గోడను త్రోసుకుని వస్తే అది ప్రత్యక్ష హెర్నియా. ధమనికి వెలుపలివైపున ఉన్న సహజ మార్గం గుండా దిగితే పరోక్ష హెర్నియా. ప్రేగు బిగుసుకుపోయే ప్రమాదం రెండవదానిలో అధికం. చిన్న రంధ్రాల ద్వారా జరిపే లాపరోస్కోపీలోనూ ఈ ధమనిని తప్పించుకొనే పరికరాలను లోనికి పంపాలి. అది తెగితే పొట్ట గోడలోనే తీవ్ర రక్తస్రావం జరుగుతుంది.

హెర్నియా మానవునికి కొత్త కాదు. సుశ్రుత సంహిత దీనిని ఆంత్రవృద్ధి అని పేర్కొని, బరువులు మోయడం, తనకన్న బలవంతునితో పెనుగులాడడం వంటి కారణాలను చెప్పింది. గల్ఫ్ దేశాల నిర్మాణ రంగంలో కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి వచ్చిన తెలుగువారు ఎందరో ఉన్నారు. రోజంతా బరువులెత్తే ఆ సోదరులు గజ్జలలో ఉబ్బును సిగ్గుతోనో, ఉద్యోగ భయంతోనో దాచుకోరాదు. పడుకున్నప్పుడు లోనికి పోయే ఉబ్బు ఒకనాడు పోక గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే ప్రేగుకు రక్తప్రసారం ఆగిపోతూ ఉండవచ్చును. అది గంటలలో చికిత్స జరగవలసిన అత్యవసర స్థితి.

ఈ ధమని అపాయానికి హద్దు చూపడంతోనే ఆగలేదు. 1989లో జపాన్ వైద్యులు కోషిమా, సోయెదా దీని శాఖలపై ఆధారపడిన చర్మాన్ని, కొవ్వును, కండరాన్ని తీయకుండానే, వేరొక చోటికి మార్చే పద్ధతిని ప్రకటించారు. క్యాన్సర్ వలన రొమ్మును కోల్పోయిన స్త్రీలకు ఆ పద్ధతిలో నేడు రొమ్మును పునర్నిర్మిస్తున్నారు. పొట్ట నుండి తీసిన ఆ భాగాన్ని సూక్ష్మదర్శిని సహాయంతో తరచుగా ఛాతీ లోపలి ధమనికే అతుకుతారు. బొడ్డు వద్ద కలిసే రెండు ప్రవాహాలు ఈసారి వైద్యుని చేతిలో కలుస్తాయి.