రోగి నిరాకరించెను

సోషల్ వర్కు చదువుచున్న విద్యార్థిని చేతిసంచిలో, పాఠ్యగ్రంథములన్నిటికన్న మిక్కిలి నలిగిన పుస్తకమొకటి యుండును. అది ఆమె ఫీల్డువర్కు రికార్డు. వారమునకు రెండుదినములు ఆసుపత్రికో, మురికివాడకో, బాలల వసతిగృహమునకో పోయి, అచట తాను చూచినది, విన్నది, పలికినది, పలుకబోయి మానినది సయితము అందు వ్రాసి సూపర్‌వైజరు ముందుంచవలెను. రెండేండ్ల ఎం.ఎస్.డబ్ల్యూ. విద్యకు ప్రాణము ఈ పుస్తకమేయని నా దృఢవిశ్వాసము.

పేరును ఊరును చెరిపివేసి నాకు చూపిన అట్టి రికార్డొకటి ఉత్తరాంధ్రమునకు చెందినది. క్షయరోగమునకు మందులు వాడుచు నడుమ మానివేసిన యొక కూలివృద్ధను చూచివచ్చి, "రోగి నిరాకరించెను" అని విద్యార్థిని ఒక్క వాక్యమున ముగించినది. అధ్యాపకురాలు ఆ క్రియాపదము చుట్టును ఎర్రసిరాతో సున్న చుట్టి, ప్రక్కన "ఎందుకని అడిగితివా?" అని మాత్రము వ్రాసిరి. రెండవమారు పోయినపుడు ముసలమ్మ వానలను గూర్చియు, కోడలిని గూర్చియు మాటాడెనే కాని మందుల ఊసెత్తలేదు. తొందరపెట్టరాదని నేర్చిన పిల్లయు ఎత్తలేదు. మూడవమారు, చింతపండు పిక్క తీయుచున్న ఆమె సరసను కూర్చుండి తానును చేయి కలిపినపుడు, ఇంట మరెవ్వరును లేకుండుట చూచి, ఆమె మెల్లగా, "ఒంటికి పోతే ఎర్రగా వస్తందమ్మా, నెత్తురే. ఆ బిళ్ళలు లోపల్లోపల కోసేత్తన్నాయి" అన్నది.

రిఫాంపిసిన్ అను ఔషధము మూత్రమునకు ఎరుపుదాల్చిన నారింజవర్ణము నిచ్చుననియు, అది రక్తము కాదనియు ఆమెకు తెలియజెప్పినవారు లేకపోయిరి. ఆరునెలలు సాగవలసిన చికిత్స ఆ రెండు మాటలకు కరవై ఆగిపోయినది.

ఇట్లు అడిగి తెలిసికొనుటను, ఇంటివారినుండియు ఇరుగుపొరుగునుండియు సాక్ష్యము కూర్చుకొనుటను ఒక శాస్త్రముగా 1917లో మేరీ రిచ్మండ్ తన 'సోషల్ డయాగ్నోసిస్' గ్రంథమున నిరూపించెను. మన దేశమున 1936లో బొంబాయియందు దోరాబ్జీ టాటా పేర వెలసిన విద్యాలయము, క్లిఫర్డ్ మాన్షార్డ్ట్ ప్రథమ సంచాలకుడుగా, ఈ విద్యకు శ్రీకారము చుట్టినది. అదియే నేటి టాటా సామాజిక విజ్ఞాన సంస్థ. తెలుగునాట సేవాదీక్షకు లోటెన్నడును లేదు. ఆంధ్ర మహిళాసభను నెలకొల్పిన దుర్గాబాయి, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యెను. అయినను, సేవకు మంచిమనసొక్కటి చాలదా, డిగ్రీ యేల యని పెద్దలు నేటికిని ఆ పిల్లల నడుగుచునే యున్నారు. ఆ పిల్లకు మంచిమనసు మొదటినాడును కలదు. మూడవనాటికి ఓపికగా వినుటయు అలవడినది.

రికార్డులో "నిరాకరించెను" అను మాట కొట్టివేసి, పైన "భయపడెను" అని దిద్దియున్నది. మరుసటి పుటయందు ఇంతే యున్నది: "పెద్దమ్మతో కలిసి డాక్టరుగారి వద్దకు పోయితిని. వరుసలో మూడుగంటలు నిలిచితిమి."