పొగగొట్టము - దాని శుభ్రత

కట్టెపొయ్యి గల వంటయింటి వాసములకు నల్లగా వ్రేలాడు పొగచూరును మనలో చూడనివారరుదు. పండుగకు ముందు తల్లులు దానిని దులిపివేయుదురు. చలిదేశములందును, మన ఉదకమండలము, కొడైకెనాలు వంటి కొండయూళ్లలోని పాత బంగళాలందును ఈ మసియే కంటికి కనబడని చోట చేరుచుండును. అచ్చట చలి కాచుకొనుటకై గోడలోనే పొయ్యిని కట్టి, పొగ పోవుటకు ఇటుకల గొట్టమును ఇంటికప్పు దాటునట్లు లేపుదురు.

కట్టెలోనిదంతయు కాలిపోదు. మిగిలిన యావిరులు పొగతో పైకి పోవుచు, గొట్టముయొక్క చల్లని గోడలకు తగిలి యచ్చటనే పేరుకొనును. దీనికి క్రియోసోటు అని పేరు. ఇది మొదట పొడిమసిగను, పిదప పెళుసైన పెచ్చులుగను, తుదకు మెఱయు తారుగను ఉండును. పచ్చికట్టెలు కాల్చినను, గాలి చాలనీయక మంట నణచినను త్వరగా పెరుగును. ఇది 3 మిల్లీమీటర్ల మందము చేరకమునుపే తీసివేయవలయును. ఇది యంటుకొన్నచో గొట్టములోని వేడి 1,000 డిగ్రీల సెంటిగ్రేడును మించవచ్చును. ఇటుకలు పగిలి, మంట దూలములకు ప్రాకును.

రెండవ యపాయము నిశ్శబ్దమైనది. మసిచేతగాని, పక్షిగూటిచేతగాని గొట్టము మూసికొన్నచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు గదిలో నిండును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించినవారు ప్రాణములు గోల్పోవుటకును ఇదియే కారణము.

పూర్వ మింగ్లండులో ఈ గొట్టములను తుడిచినవారెవరో యెఱుగుదురా? మీకంటె చిన్న బాలురు! ఇఱుకైన గొట్టములలో మోచేతులతో, మోకాళ్లతో ప్రాకి యెక్కెడివారు. ఈ పనివారికి మసివలన రాచపుండు పుట్టుచున్నదని 1775లో పెర్సివాల్ పాట్ అను శస్త్రవైద్యుడు వ్రాసెను. 21 ఏండ్లు నిండనివారు గొట్టము నెక్కరాదని 1840లో చట్టము చేసిరి. కాని దానిని లెక్కచేయనివారనేకులు. 1875లో కేంబ్రిడ్జి సమీపమున జార్జి బ్రూస్టరను బాలుడు ఒక వైద్యశాల గొట్టములో చిక్కుకొని మరణించెను. ఆ యేడే, తుడుచువారందఱు అనుమతిపత్రము పొందవలెనను చట్టము వచ్చినది. అటుపిమ్మట బాలురకు బదులు బ్రష్షులే గొట్టము లెక్కినవి.

ఇప్పుడు శుభ్రపఱచు విధమును వినుడు. నిప్పు చల్లారిన పిదప ఒక దినమైనను ఆగవలయును. పైకి చల్లనైన బూడిదలో కణికలు కొన్ని దినములు బ్రతికియుండవచ్చును. కావున బూడిదను లోహపాత్రలోనికి తీసి, బిగుతుగా మూతపెట్టి, ఇంటికి దూరముగా నుంచవలయును. పిమ్మట నేలపై గుడ్డ పఱచి, పొయ్యినోటికి తెర కట్టి, కండ్లకు అద్దములు, ముక్కునోళ్లకు ముసుగు, చేతులకు తొడుగులు ధరింపవలెను. గొట్టము కొలతకు సరిపడు బ్రష్షునకు కఱ్ఱ నొకదానివెంట నొకటి తగిలించుచు, అడుగునుండి కొసవఱకు రుద్దవలయును. రాలిన మసిని, పొయ్యిపై నున్న అరుగుమీది మసితో సహా ఎత్తివేయవలెను. గట్టిపడిన తారు బ్రష్షునకు లొంగదు. దానిని నేర్పరికే యప్పగింపవలయును. కప్పుపైకి పిల్లలు ఎక్కనే కూడదు.

తరువాత అద్దముతోను, చేతిదీపముతోను లోపల పరీక్షింపుడు. పగుళ్లున్నవా? ఇటుకల నడుమ సున్నము రాలినదా? గొట్టమును మూయు రేకు సులువుగా తిరుగుచున్నదా? పైకొసను పక్షులు రాకుండ తీగవల యున్నదా? వీనిలో నేది లోపించినను బాగుచేయువఱకు నిప్పు వేయరాదు. ఏటేట చలికాలమునకు ముందు తెలిసినవానిచేత పరీక్ష చేయించుట విధి. చీల్చి ఆఱు మాసములైనను ఎండబెట్టిన కట్టెలనే వాడుడు. రంగు పూసిన కఱ్ఱను కాల్పకుడు. విషవాయువును తెలుపు గంటయంత్రము గదిలో నుండుట మేలు. గొట్టములో హోరుమను ధ్వని వినబడినయెడల అందఱును బయటికి వచ్చి, అగ్నిమాపకదళమును పిలువవలెను. మండుచున్న గొట్టములో నీరు పోసినచో ఇటుకలు బ్రద్దలగును.

నిప్పు మనకు సేవకుడే. కాని దాని పొగ పోవు త్రోవను కనిపెట్టియుండుట మన పని. ఈ సెలవులలో మీ వంటయింటి పొగత్రోవ నొకసారి తలయెత్తి చూడుడు. మసి కనబడినచో పెద్దలతో చెప్పుడు.